మామ ఊరికే ఇస్తానన్న రైఫిల్

మా మేనమామ తన రైఫిల్‌ను నాకు ఊరికే ఇస్తానన్న రోజు నుంచే నాకు ఆయన మీద అనుమానం మొదలైంది. ఈ మాట రాయడానికి చెయ్యి వెనకాడుతోంది. నాకు నాలుగు అక్షరాలు వచ్చాయంటే అందులో సగం ఆయన పుణ్యమే. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె బలహీనపడిందని, నన్ను బడికి పంపొద్దని డాక్టరు చెప్పాడు. నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పాడు. ఆ చదువుకు కావలసిన పుస్తకాలను చిత్తూరులో కొని, మా ఊరి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది మామే. పొద్దున దీపం పెట్టేటప్పుడు నేను తలుచుకునే మనుషుల వరసలో నాయన తర్వాత ఆయనే ఉంటాడు.

అలాంటి మనిషిని అనుమానించడం నాకే బాగా అనిపించలేదు. కానీ నాయన నేర్పిన పాఠాల్లో అదీ ఒకటి. "దండం పెట్టు మే, వద్దనను. కండ్లు మూసుకోని మాత్రం పెట్టొద్దు" అనేవాడు.

నాకూ తుపాకీకీ పొత్తు ఎలా కుదిరిందో ముందు చెప్పాలి. తిరుపతిలో మాది కళ్ళద్దాల అంగడి. కళ్ళు పరీక్ష చేసేది మా ఆయన. వచ్చినవాళ్ళకు ఫ్రేములు చూపించేది నేను. కొన్నేళ్ళ కిందట సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చిన ఒకాయన అంగడికి వచ్చాడు. ఊరి బయట ఒక క్లబ్బులో తుపాకీ కాల్చడం నేర్పుతున్నానని చెప్పాడు.

"నాకు దూరం కనపడే పని లేదప్పా, దగ్గరా కనపడే పని లేదు. తుపాకి కొసన గురి సూసే చిన్న గుండ్రం ఉంటాది. అది కనపడితే సాలు" అన్నాడు.

మా ఆయన నావైపు చూశాడు. ఇలాంటి గిరాకీ మాకు అంతవరకు తగల్లేదు. కంటి నుంచి ఆ గుండ్రానికి ఎంత దూరమో కొలవనిదే అద్దం చేయలేనని చెప్పి, ఆదివారం నన్నూ వెంటబెట్టుకుని క్లబ్బుకు పోయాడు. ఆయన టేపు పెట్టి కొలుస్తుంటే, ఊరికే నిలబడిన నా చేతికి సుబేదారు ఒక గాలి తుపాకీ ఇచ్చాడు. "ఊపిరి వదలమ్మా, సగంలో ఆపు, ఆపినప్పుడు మీట నొక్కు" అన్నాడు. నామాలు చదువుకునేటప్పుడు ఒక నామానికీ ఇంకొకదానికీ నడుమ నా ఊపిరి తనంతట తానే ఆగుతుంది. చిన్నప్పటి అలవాటు. నాకు తెలిసిన ఆ ఆగిన చోటునే నొక్కాను. అట్టముక్క మధ్యకు దగ్గరగా కన్నం పడింది. ఆ రోజు ఇంటికి వచ్చి స్వామి ముందు చాలాసేపు కూర్చున్నాను. నా గుండె దేనికీ పనికిరాదని చెప్పగా విన్నదాన్ని. అది నిమ్మళంగా ఉండటమే ఒక పనికి పనికొచ్చింది.

గాలి తుపాకీ పది మీటర్ల ఆట. తర్వాత యాభై మీటర్ల ఆట ఉందని తెలిసింది. ఆపైన మూడు వందల మీటర్ల ఆట కూడా ఉందని సుబేదారు ఒకరోజు మాటల్లో చెప్పాడు. అంత దూరాన పెట్టిన గురి కంటికి శనగగింజంత కనిపిస్తుందట. ఆ దూరం నా మనసులో పడిపోయింది. బడికి పోని పిల్లకు కిటికీయే ఊరు. దూరంగా రోడ్డు మీద వచ్చేది ఎవరో నడకను బట్టి చెప్పగలిగేదాన్ని. దూరం చూడటం ఒక్కటే నాకు ఎవరూ వద్దనని పని.

మా ఆయన కాదనలేదు. కానీ ఒక షరతు పెట్టాడు. "ఇంట్లో ఒగటే తుపాకి, ఒగసారే. బాగా సూసుకోని ఎత్తుకో. ఇది కుదరలేదు, ఇంగోటి కావాలంటే నేనొప్పుకోను. ఆట మానుకోవాల్సిందే."

అందుకే ఏది కొనాలన్నది నాకు అంత పెద్ద విషయమైంది. తప్పు రైఫిల్ ఇంటికి వచ్చిందంటే నా ఆట అక్కడితో సరి.

క్లబ్బులో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పారు. ఎవరి దగ్గర ఏది ఉంటే అదే గొప్ప. స్థలాల వ్యాపారం చేసే ఒకాయన, "దూరం కొట్టాలంటే పెద్ద బోరే అక్కా. చిన్నది ఉడతల్ని తోలేదానికి" అన్నాడు. ఫోనులో తెల్లవాళ్ళ వీడియోలు చూశాను. వాళ్ళు చెప్పే బోర్ల పేర్లు పద్దులెక్కల్లా ఉన్నాయి. అందులో సగం మన దగ్గర దొరకవు. దొరికేవాటికి లైసెన్సు రావడం కష్టం. పొద్దున అన్నం తింటూ బోరు, సాయంత్రం కాఫీ తాగుతూ బోరు అని నేను మాట్లాడుతుంటే మా ఆయన, "మన సీమలో బోరంటే నీళ్ళన్నా పడాల మే" అని ఎగతాళి చేసేవాడు.

సుబేదారు మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు. కొత్తవాళ్ళకు పాయింట్ టూటూ, అంటే చిటికెన వేలి కొసంత తూటా ఉండే చిన్న రైఫిలే సరి. "అది తన్నదు. తన్నే తుపాకితో నేర్చుకుంటే మీట నొక్కకముందే భుజం ముడుసుకుంటాది, కన్ను మూసుకుంటాది. ఒగసారి పట్టుకున్న భయం ఇడవదు. చిన్న తూటాను గాలి ఊరికే తోసేస్తాది. దాన్ని నూరు మీటర్ల మీద కొట్టడం నేర్చుకున్నోళ్ళకు పెద్ద తూటాను మూడు నూర్ల మీద కొట్టడం తెలుస్తాది. గాలిని నేర్పేది చిన్నదే" అన్నాడు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ మాట చెప్పిన రోజే ఇంకొక మాట కూడా చెప్పాడు. నగరిలో మరమగ్గాలు నడిపే ఒక సభ్యుడు ఆట మానేస్తున్నాడట. ఆయన దగ్గర వాడిన పాయింట్ టూటూ ఒకటి అమ్మకానికి ఉందట. సలహా, సరుకు రెండూ ఒకే నోటి నుంచి వస్తే నాకు నమ్మబుద్ధి కాదు. అంగడిలో కూర్చునేదాన్ని. ఏ ఫ్రేము బాగుంటుందని అడిగినవాళ్ళకు ఎక్కువ లాభం ఉన్నదాన్నే చూపించేవాళ్ళను మా వీధిలోనే చూశాను.

ఈలోగా నేను పెట్టుకున్న లైసెన్సు దరఖాస్తు మీద విచారణకు కానిస్టేబులు వచ్చాడు. మజ్జిగ ఇచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, నిజం సెప్పండి. పొలం తగాదా ఏమన్నా ఉండాదా?"

"లేదు నాయనా. ఆటకే."

"ఆటకా!" అని నా జరీ అంచు చీరనూ, నుదుటి మీద తిరుచూర్ణాన్నీ చూశాడు. "కొండల్లో ఎర్రచందనం వోళ్ళతో ఏమన్నా..."

తర్వాత పక్కింటి ఆమెను అడిగాడు. ఆమె గొంతు గోడ దాటి మా ఇంట్లోకి వినిపించింది. "పొద్దస్తమానం గోవిందా గోవిందా అంటాంటాది సార్, మంచిదే. ఆ మంచిదానికి తుపాకి యాలనో ఆ సామికే తెలియాల."

నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. మంచిదన్న మాట ముందు చెప్పినందుకు మరుసటి రోజు ఆమెకు ప్రసాదం లడ్డు పంపాను.

అప్పుడు వచ్చాడు మామ. చిత్తూరు దగ్గర ఆయనకు మామిడి తోట ఉంది. అడవి పందులను బెదరగొట్టడానికి వయసులో ఉన్నప్పుడే లైసెన్సు తీసుకుని, పాయింట్ త్రీ వన్ ఫైవ్ రైఫిల్ కొన్నాడు. సుబేదారు చెప్పే చిన్నదానికి ఇది అన్నలాంటిది. బరువైన పెద్ద బోరు. మామకు అది ప్రాణం. అల్లుణ్ణి కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఎన్నికలప్పుడు అందరిలాగే స్టేషన్లో అప్పగించేవాడు కానీ, ఆసుపత్రిలో మనిషిని చూసి వచ్చినట్టు మధ్యలో ఒకసారి పోయి చూసొచ్చేవాడు. ఏటా తూటాలు తెచ్చుకున్న రోజు తోట గట్టు మీద కొబ్బరి చిప్ప పెట్టి కాల్చి, పగిలిన ముక్క తెచ్చి అత్త కొంగులో వేసేవాడు.

ఆ రోజు అంగడికి వచ్చి కళ్ళు చూడమన్నాడు. మా ఆయన చూశాడు. దూరం చూపు బాగానే ఉంది, అద్దం మార్చే పని లేదన్నాడు.

"బాగా సూడప్పా. కండ్లు సరింగానే ఉండాయా?" అని మామ మళ్ళీ అడిగాడు.

"నాకన్నా మీయే బాగుండాయి మామా."

మామ మొహంలో సంతోషం కనపడలేదు. కాసేపు అక్కడి ఫ్రేములు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత, "ఏమ్మే, తుపాకి కొనాలని తిరగతాండావంట. కొనేదెందుకు? నాది ఎత్తుకో" అన్నాడు.

"ఎంతకిస్తావు మామా?"

"నీకు అమ్ముతానా! ఊరికే ఎత్తుకో. ఆఫీసులో చెప్పి నీ పేరుకు మార్పిస్తా."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం అది మింగుడు పడలేదు. ప్రాణంలాంటి వస్తువును మనిషి ఊరికే ఇవ్వడు. ఇస్తున్నాడంటే ఆ వస్తువులోనన్నా ఏదో ఉండాలి, ఇచ్చేవాడిలోనన్నా ఏదో ఉండాలి. వద్దంటే మామ మనసు నొచ్చుకుంటుంది. పుస్తకాలు పంపిన చెయ్యిని తోసేసినట్టవుతుంది. సరే అంటే, మా ఆయన షరతు ప్రకారం ఇక అదే నా తుపాకీ.

"వచ్చి ఒకసారి చూస్తాను మామా" అన్నాను.

"సూసేదేముండాది? సిన్నప్పటినించి సూస్తానే ఉండావు గదా!" అన్నాడు. ఆ తొందర కూడా నాకు నచ్చలేదు.

మరుసటి వారం నేనూ మా ఆయనా తోటలో ఉన్న మామ ఇంటికి పోయాం. మామ తూటాను బిగించే గడియను ఊడదీసి నడుముకు దోపుకుని, ఖాళీ రైఫిల్ నా చేతికిచ్చాడు. చాప మీద బోర్లా పడుకుని పట్టుకున్నాను. భుజానికి ఆనించే చెక్క నాకు చాలా పొడుగు. చెంప ఆనిస్తే కన్ను గురికి అందలేదు. మెడ సాచాల్సి వచ్చింది. అది సరే, చెక్కను కోయించుకోవచ్చు. నన్ను ఆపింది వేరే. గొట్టమంతా కాటుక నలుపు. కానీ తూటా బయటికి వచ్చే మూతి దగ్గర, రెండు వేళ్ళ వెడల్పున నలుపు పోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఆ మెరుపు మీద అక్కడక్కడా ఆవగింజల్లాంటి గుంటలు.

"ఇదేంది మామా, కొసన తెల్లగా ఉండాది?"

"యాడో గీసుకోని ఉంటాదిలే."

"చుట్టూతా గీసుకుంటుందా?"

"పాతదయితే ఇనుము అట్లే అవతాది మే."

"మొన్నెప్పుడైనా కాల్చినావా?"

"మొన్ననే కాల్చినా."

వంటింట్లోంచి అత్త అందుకుంది. "మొన్నంట మొన్న! కొబ్బరి సిప్ప ముక్క నా కొంగులో పడి యాడాదులయిపాయ."

"నువ్వు గమ్మునుండు!" అని మామ అరిచాడు. మామ అత్తను అలా కసరడం నేనెప్పుడూ వినలేదు.

"అయితే ఇప్పుడు ఒక చిప్ప కొట్టి చూపించు మామా" అన్నాను.

"తూటాలు దండగ" అని రైఫిల్ నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన ఊరికే వచ్చేదానికి వంకలు పెడుతున్నానని నస పెడుతూనే ఉన్నాడు. నేను చాప మీద ఉన్నప్పుడే ఫోనులో తీసుకున్న ఆ మూతి ఫొటోను పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం సుబేదారుకు ఆ ఫొటో చూపించాను. ఆయన కళ్ళద్దాలు మార్చుకుని చూశాడు. "తూటాను కడాకు తాకేది ఈ మూతే అమ్మా. ఈడ రవంత అరిగినా, తినేసినా, పోయే తూటాను పక్కకు తోస్తాది. ఇది దానంతట అది అయింది కాదు. ఎవురో ముట్టుకున్నారు. యాలా ముట్టుకున్నారో తెలుసుకోకుండా మాత్రం ఎత్తుకోవద్దండి."

"కోసి ఉంటారా?"

"కోసినట్ల లేదు. ఏమో మరి. పాత తుపాకి. ఎవురెవురి సేతుల్లో తిరిగిందో."

ఆ చివరి మాట నన్ను తినేసింది. ఎవరి చేతుల్లో? తోట వెనకంతా అడవే. మామ ఎవరికైనా ఇచ్చాడా? ఆ తుపాకీతో ఏదైనా జరిగి, దాన్ని ఇల్లు దాటించడానికి నా పేరు వాడుకుంటున్నాడా? మళ్ళీ మరుక్షణం సుబేదారు మీద అనుమానం వచ్చేది. నగరి ఆయన రైఫిల్ అమ్ముడుపోవాలంటే మామది బాగాలేదని చెప్పక ఏం చేస్తాడు? ఒకరిని నమ్మితే ఇంకొకరు దొంగ అవుతారు. దీపం పెట్టేటప్పుడు మామను తలుచుకోబోతే ఆ తెల్లటి మూతి కనపడేది. స్వామీ, ఈ మనిషి గురించి నాకు చెడు చూపించేటట్టయితే ఇప్పుడే చూపించు, ఆయన చేతి నుంచి తీసుకున్నాక వద్దు అని మొక్కుకున్నాను.

లైసెన్సు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఏ రకం తుపాకీ, ఏ బోరు అని దరఖాస్తులో ఖాళీ వదిలేశారు, పండగ సెలవులయ్యాక వచ్చి రాయండి అన్నారు. నాకు మిగిలిన గడువు దసరా వరకే.

ఆయుధపూజకు మామ ఇంటికి రమ్మని అత్త పిలిచింది. పోయాం. వాళ్ళింట్లో ఆ రోజు కొడవలి, పార, అంటుకట్టే కత్తి, మందు కొట్టే మిషను, మోటారు స్టార్టరు మూత, అన్నీ కడిగి స్వామి ముందు పెడతారు. నేను పళ్ళేలు తీసుకుని పెరట్లోకి పోయాను. అత్త తోముడు రాయి దగ్గర కూర్చుని ఇత్తడి కుందులు తోముతోంది. చింతపండు నానబెట్టి, అందులో కల్లుప్పు కలిపి, పీచుతో రుద్దుతోంది. కుందులు బంగారంలా వచ్చాయి. వాటిని పక్కన పెట్టి, గోడకు ఆనించి ఉన్న రైఫిల్‌ను ఒళ్ళోకి తీసుకుంది. మూతిని పైకి పెట్టి, మోకాళ్ళ నడుమ ఇరికించి, అదే పీచుతో, అదే చింతపండు ఉప్పుతో కొసను గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది.

పళ్ళేలు కింద పెట్టేసి దగ్గరికి పోయాను.

"అత్తా, ఏం చేస్తాండావు?"

"కనపల్లేదా? తోమతాండా. సామి ముందర పెట్టే వస్తువు మూతి నల్లగా పెడతామా?"

"ఎప్పటి నుంచి?"

"ఇది ఇంటికొచ్చినప్పటి నించి. ఏటా నేనే. రా, నువ్వు స్టార్టరు తుడువు."

"మామకు తెలుసా?"

"ఆయప్పకేం తెలుసు? తలంటు పోసుకోని వచ్చి టెంకాయ కొట్టేది తెలుసు."

తోమడం అయ్యాక రైఫిల్‌ను లోపలికి తీసుకుపోయి, ఆ మూతికి తడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కన్నంలో ఒక చామంతి పువ్వు గుచ్చింది. పూజలో పెట్టిన పనిముట్టును మరుసటి రోజు పొద్దున వరకు ముట్టుకోకూడదు. ఆ రాత్రంతా చింతపండూ, ఉప్పూ, పసుపు తడీ ఇనుమును తింటూ ఉంటాయన్నమాట. అన్నేళ్ళుగా ఏటా అంతే.

ఎవరూ కోయలేదు. ఏ అడవికీ పోలేదు. దేవుడి గదిలోనే పాడైంది. నవ్వు రావాలి కానీ రాలేదు. ఇంకొక ముడి అలాగే ఉంది. ఇది మామకు తెలియదు. మరి ఎందుకు ఇచ్చేస్తున్నాడు?

పూజ అయ్యాక మామ తోట గట్టు మీద కూర్చుని తమలపాకులకు ఈనెలు తీస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. నేరుగా అడిగేశాను.

"మామా, నీ మీద ఒట్టు పెట్టుకోమనను. కానీ నిజం చెప్పు. ఎందుకిస్తాండావు?"

ఇంకో ఆకు తీసుకుని ఈనె లాగుతూ అన్నాడు. "సేతులు పోయినాయి మే. సిప్ప తగల్లే. ఇంగో ఏడు సూస్తి, తగల్లే. కండ్లేమో అనుకోని మీ అంగడికొస్తి. కండ్లు బాగుండాయనె మీ ఆయన. కండ్లు బాగుంటే ఇంగ సేతులే గదా. సేతులు పోయినోనికి తుపాకి యాలా? అమ్మితే ఊర్లో అడగతారు, ఎందుకమ్మితివని. మేనకోడలికి ఇచ్చినానంటే మర్యాదగా ఉంటాది."

ఆయన చేతుల వైపు చూశాను. ఆకు చిరగకుండా ఈనె దారంలా ఊడి వస్తోంది. సున్నం రాసిన వేలు ఎక్కడా తొణకలేదు.

నేను చెబితే అత్త పూజకు మాట వస్తుంది. చెప్పకుంటే ఈ మనిషి తన చేతులు పోయాయనే నమ్మకంతోనే మిగిలిన కాలం కూర్చుంటాడు. రెండింటిలో ఏది తక్కువ పాపమో స్వామికి వదిలేసి, తోముడు రాయి దగ్గర చూసిందంతా చెప్పేశాను. మూతి అరిగితే తూటా ఎలా పక్కకు పోతుందో, సుబేదారు చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

మామ లేచి నిలబడ్డాడు. "ఏమే! ఈడికి రా!" అని ఇంటివైపు కేకేశాడు. అత్త చెయ్యి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. మామ తన రెండు చేతులూ ఆమె ముఖం ముందర చాపాడు.

"సూడు. వణకతాండాయా?"

"ఏమయ్యింది నీకు? ఎందుకు వణకతాయి?"

"అయితే నా తుపాకికి సింతపండేసి పులుసు కాస్తివా నువ్వు!"

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. గట్టు మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అత్తకు విషయం అర్థమయ్యేసరికి ఆమె ముఖం మాడిపోయింది. "అంటే నా పూజే సెరిపిందా?" అని నన్ను అడిగింది.

"పూజ కాదత్తా, చింతపండు."

"ఆయప్ప సేత్తో పట్టుకునే వస్తువని అంతగా తోమితి. నువ్వొచ్చి తప్పు పట్టినావు" అంది. ఆ మధ్యాహ్నం అందరికీ తనే వడ్డించింది. నా విస్తరి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నెయ్యి గిన్నె పక్కకు తిరిగింది. నేను ఆ పొడి పప్పన్నాన్నే కళ్ళకద్దుకుని తిన్నాను. మామ మాత్రం రెండుసార్లు అన్నం పెట్టించుకుని, చెయ్యి కడుక్కుంటూ, "మే, ఇంగ దాన్ని నీకియ్యను. నీ తుపాకి నువ్వు సూసుకో" అన్నాడు. ఒక మనిషి ఇచ్చినమాట వెనక్కి తీసుకుంటుంటే అంత సంతోషం కలగడం నాకు అదే మొదటిసారి. తర్వాత మద్రాసులో లైసెన్సున్న రిపేరు అంగడికి తీసుకుపోయి మూతిని కొత్తగా చెక్కించాడు. చిప్ప పగిలిందని అత్త కాదు, ఆయనే ఫోను చేసి చెప్పాడు.

ఇక నాకు మిగిలింది నగరి ఆయన పాయింట్ టూటూ. అయినా కళ్ళు మూసుకుని తీసుకోలేదు. మా ఆయన అంగడిలోని భూతద్దం తెచ్చి మూతిని చుట్టూ చూశాడు. సుబేదారు కొలతకు తగ్గట్టు చెక్కను జరిపితే, మెడ సాచకుండానే కన్ను గురికి అందింది. సుబేదారే క్లబ్బులో పక్కన ఉండి కాల్పించాడు. యాభై మీటర్ల అట్ట మీద కన్నాలన్నీ ఒక తులసాకు కింద దాగేటంత దగ్గరగా పడ్డాయి. భుజం మీద తన్నింది కూడా తెలియలేదు. మనసు అప్పటికే ఒప్పుకుంది. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"సార్, తప్పుగా అనుకోవద్దు. ఇది నేను కొంటే మీకేమైనా వస్తుందా?"

సుబేదారు తల గోక్కున్నాడు. "వస్తాదమ్మా. ఆయప్ప పడుకోని కాల్సే సాప నాకిస్తానన్నాడు."

"అంతేనా?"

"మంచి సాపమ్మా. కింద రబ్బరు కూడా ఉండాది."

నా అనుమానం నిజమే అయినందుకు నవ్వొచ్చింది. నిజం చెప్పినందుకు ఆయనకు దండం పెట్టాను. ఆఫీసుకు పోయి ఖాళీలో చిన్న బోరే రాయించాను. మూడు వందల మీటర్లు ఎక్కడికీ పోవు, గాలిని ముందు నేర్చుకుంటాను.

రైఫిల్ ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు అత్త కొండకు వచ్చి, దర్శనం అయ్యాక మా ఇంటికి దిగింది. ఫోనులో నాతో ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతోంది. రాగానే, "యాడ, నీ తుపాకి సూపీ" అంది. బీరువా తాళం తీసి, పెట్టె తెచ్చి ముందు పెట్టాను. కొండ మీద నుంచి తెచ్చిన కుంకుమ పొట్లం విప్పి, వేలు అద్దుకుని, చెయ్యి ఎత్తి, గాల్లోనే ఆపింది.

"సెప్పు. యాడ పెట్టమంటావు?"

"చెక్క మీద పెట్టత్తా. ఇనుము మీద వద్దు."

"ఇనుమును ఇడిసిపెట్టి సెక్కకు పెడితే సామి ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకుంటాడు. నేను అడిగినాను."

"నీకే సెప్పినాడంట" అని మూతి తిప్పింది కానీ, చెక్క మీద చక్కగా గుండ్రటి బొట్టు పెట్టింది. పెట్టి, దండం పెట్టుకుంది. "మీ మామ కొబ్బరి సిప్పలు ఇప్పుడు దినామూ కొడతాండాడు. పచ్చడికి టెంకాయ ముక్క మిగలనీయడు" అని ఫిర్యాదు చేసింది. ఆ రోజు నా పప్పన్నంలో తనే నెయ్యి వేసింది.

నేను కాఫీ కలపడానికి వంటింట్లోకి పోయినప్పుడు ఆమె కాసేపు పెట్టె దగ్గర ఒంటరిగా ఉంది. సాయంత్రం బస్సెక్కించి, చెయ్యి ఊపి, ఇంటికి వచ్చాను. స్వామికి దీపం పెట్టి, ఆమె క్షేమంగా చేరాలని మొక్కుకున్నాను. తర్వాత పెట్టె తెరిచి, ఒక తెల్లటి పాత గుడ్డతో రైఫిల్ మూతిని నెమ్మదిగా చుట్టూ తుడిచాను. గుడ్డ మీద ఎరుపు లేదు, పసుపు లేదు. వెలుతురు దగ్గరకు తీసుకుపోయి చూశాను. ఏమీ లేదు.

ఇంకోసారి తుడిచి, పెట్టె మూసి, తాళం వేశాను.